లైన్ క్లియర్

ముప్పై ఒక్కేళ్లు నేను చేసిన పని ఇది:
వెదురు గడకు కొడవలి కట్టుకుని
తీగలకు తగిలే కొమ్మల్ని కొట్టడం.
వానలకు ముందోసారి, తుపాను కబురొస్తే మరోసారి.
సబ్‌స్టేషన్‌ నుంచి ఎల్‌సీ తీసుకుని
కరెంటు పోయిందని నమ్మకం కుదిరాకే
నిచ్చెన ఎక్కేవాణ్ణి.
చెట్టు దగ్గర మాత్రం ఏ అనుమతీ తీసుకోలేదు.

పెదవాల్తేరులో ఒక నిద్రగన్నేరు ఉండేది.
మా రిజిస్టరులో దాని పేరు
'పదిహేడో స్తంభం, అడ్డంకి'.
దాని కింద అసిరమ్మ ఇస్త్రీ బండి.
నేను నిచ్చెన వేయగానే ఆమె బొగ్గుల పెట్టె పక్కన పెట్టి
కొంగు నడుముకు చుట్టి లెక్కపెట్టేది:
"ఒకటి. రెండు. సాల్లే బాబూ, మూడోది వైరుకి తగల్దు."
తగులుతుంది. ఆమెకీ తెలుసు.
ఆ మూడో కొమ్మ నీడ
మధ్యాహ్నం రెండింటికి సరిగ్గా ఆమె నెత్తి మీదికొస్తుంది.
ఐదారేళ్లు ఆ కొమ్మని సగమే కొట్టాను.
మా ఏఈ అడిగితే నిచ్చెన పొట్టిదన్నాను.

సాయంత్రం ఆకులు ముడుచుకోగానే
బండి కట్టేసేది అసిరమ్మ. గడియారం లేదు.
మబ్బు పట్టిన రోజు చెట్టు మూడింటికే కునుకు తీస్తే
ఆమె కూడా మూడింటికే ఇంటికి.
"అది తొంగున్నాక నాకేటి పని?"

తర్వాత ఆ అక్టోబరు ఆదివారం.
గాలి గురించి చెప్పను.
విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, విననివాళ్లకి చెప్పలేను.
సోమవారం పొద్దున్న తలుపు తీస్తే
మా వీధి చివర సముద్రం నిలబడి ఉంది.
ఇరవయ్యేళ్లుగా దాని హోరు వినడమే గాని
ఆ గుమ్మంలోంచి ఎన్నడూ చూసింది లేదు.
కొండలు సింహాచలంలో గుండు చేయించుకుని
అప్పుడే దిగొచ్చినట్టున్నాయి.
ఎంత వెలుతురో!
అంత వెలుతురు ఎవరడిగారు?

పదకొండు రోజులు రంపాలు ఆగలేదు.
నేనూ దాలినాయుడూ ఆ నిద్రగన్నేరు దగ్గరికి చేరేసరికి
అది రోడ్డుకు అడ్డంగా పడుంది,
వేళ్లల్లో ఒక కుళాయి పైపునీ
ఏ పిల్లాడిదో పాత రబ్బరు చెప్పునీ ఇరికించుకుని.
కొమ్మల సందులో కాకిగూడు: సగం పుల్లలు,
సగం నేను తెంచి పారేసిన తీగముక్కలు.
రంపం పెట్టేముందు దాలినాయుడు చెప్పులు విప్పాడు.
ఎందుకని అడగలేదు.
నేనూ విప్పాను.

మూడో కొమ్మలోంచి ఒక పలక కోయించుకుంది అసిరమ్మ.
ఇప్పుడది ఆమె బండికి బల్ల.
తడి చీర మీద పెట్టె జరిపినప్పుడల్లా
దుప్పటి మడతల కిందనుంచి, ఆవిరితో పాటు
ఒక పచ్చి వాసన లేస్తుంది.
లేవదంటాడు దాలినాయుడు,
ఎండిన కర్రకి వాసనేమిటంటాడు,
అంటూనే ఒకసారి వంగి చూస్తాడు.

పార్సిళ్ల కుర్రాళ్లు ఇప్పటికీ ఫోన్లో అడుగుతారు,
"నిద్రగన్నేరు దగ్గరేనాండీ?"
ఆ, అక్కడే, అంటుంది వీధి వీధంతా.
అక్కడ ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక రంగు వెలిసిన గొడుగు.
ఎప్పుడు కట్టేయాలో తెలియక
వీధిదీపాలు వెలిగాక కూడా
ఎవరి చొక్కానో మళ్లీ మళ్లీ రుద్దుతూ అసిరమ్మ.

నేను రిటైరయ్యే నెలలో
పదిహేడో స్తంభం మొదట్లో
సిమెంటు పగులులోంచి వేలెడంత మొక్క.
కొత్త లైన్‌మన్ కుర్రాడు వంగి, రెండు వేళ్లతో పట్టుకుని అడిగాడు:
"పీకేయమంటారా సార్? రేపు ఇదే తీగల దాకా వస్తాది."
నిజమే, వస్తుంది.
అసిరమ్మ పెట్టె గాల్లో ఎత్తి పట్టుకుని
నావైపు చూస్తోంది.
ఎల్‌సీ ఇంకా రాలేదన్నాను.